పెటూనియా పూలమొక్కలను విత్తనమునుండి పెంచు విధము

(కుప్పము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల రైతుల ఉపయోగార్థము)

కుప్పము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములు సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన మిట్టనేలలు. క్రింది సీమలందలి వేసవితీవ్రత ఇచ్చట లేదు. కార్తీకము మొదలు మాఘమువఱకు రాత్రులు చల్లగా నుండును. ఈ చల్లదనమే ఈ ప్రాంతమున టమాటాను స్థిరపఱచినది. మదనపల్లె టమాటా సంత పేరు దేశమంతట వినబడుచున్నది. కాని ఒక్క పంటనే నమ్ముకొన్న రైతు స్థితి యెట్టిదో 2023వ సంవత్సరమున అందఱికిని తెలియవచ్చినది. ఆ యేడు జూలై మాసమున మదనపల్లె సంతలో కిలో టమాటా వెల 100 రూపాయలను దాటిపోయెను. సెప్టెంబరు నాటికి అదే సరకు అతిస్వల్పమైన ధరకు దిగిపోయి, పలువురకు కోతకూలియు గిట్టకపోయెను.

ఇట్టి ఒడుదుడుకులకు పూలమొక్కల పెంపకము పూర్తి మందు కాజాలదు. అయినను బావికి దగ్గఱనున్న రెండున్నర సెంట్ల స్థలములో 1,000 కుండీల పెటూనియా మొక్కలను పెంచవచ్చును. ఇందులకు కావలసిన తట్టలు, కొబ్బరిపొట్టు, నీడవల మొదలగునవి టమాటా నారు పోయు రైతునకు క్రొత్తవి కావు. కుప్పమునుండి బెంగుళూరు 100 కిలోమీటర్లకు కొంచెము మించిన దూరము. రైలును రోడ్డును రెండును కలవు. చలికాలమున ఆ నగరమున మేడలముంగిళ్ళకును, కార్యాలయములకును ఈ మొక్కలను కొనువారు చాలమంది. లాల్‌బాగులో ఏటేట జనవరి 26వ తేదీకిని, ఆగస్టు 15వ తేదీకిని జరుగు పుష్పప్రదర్శనముల సమయమున పూలమొక్కలపై జనులకు ఆసక్తి హెచ్చును.

ఒక్క సంగతి మొదటనే గ్రహింపవలెను. పెటూనియా బంతివంటిది కాదు, చేమంతివంటిదియు కాదు. దీనిని దండ గ్రుచ్చరు, తలలో తుఱుమరు, దేవునికి కిలోలెక్కను కొనరు. రేకులు మిక్కిలి పలుచన. కోసిన జాములోపలనే వడలిపోవును. పూలను కోసి గంపలో సంతకు తీసికొనిపోయిన రైతు వట్టి చేతులతో మఱలి రావలసినదే. ఇది కుండీతోకూడ అమ్ముడుపోవు మొక్క. కావున విత్తనము కొనుటకు పూర్వమే బెంగుళూరులోని యొక నర్సరీవారితోనో, చిత్తూరు తిరుపతి పట్టణములలోని తోటమొక్కల వర్తకునితోనో మాటాడి, ఏ రంగులు, ఎన్ని కుండీలు, ఏ తేదీకి కావలయునో నిర్ణయించుకొనవలెను. కొనువాడు లేనిదే పోసిన నారు మూడు వారములలో ముదిరిపోయి ఎవరికిని పనికిరాదు.

మొక్క పుట్టుపూర్వోత్తరములు

పెటూనియా వంగ కుటుంబమునకు చేరినది. టమాటా, మిరప, వంగ, ఉర్లగడ్డ, పొగాకు, గట్లమీద మొలచు ఉమ్మెత్త, కామంచి, బుడ్డబుడమ, వాకుడు ఇవన్నియు దీని దాయాదులే. వీనిలో పొగాకు మిక్కిలి దగ్గఱి చుట్టము. 1803లో ఫ్రాన్సు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు జుస్యూ దీనికి పేరిడునప్పుడు దక్షిణామెరికాలో పొగాకును తెలుపు ‘పెటున్’ అను మాటనే గ్రహించెను. ఆకును వ్రేళ్ళతో నలిపిన జిగురు అంటుకొనును. ఆ జిగురు స్పర్శచేతనే ఇది పొగాకునకు బంధువని రైతు తెలిసికొనగలడు. అయినను ఉమ్మెత్తకున్నట్టి విషము దీనికి లేదు.

దక్షిణామెరికాలోని అర్జెంటీనా, ఉరుగ్వే, బ్రెజిలు దేశములలో అడవిగా పెరుగునట్టి రెండు విధముల మొక్కలనుండి నేటి తోటజాతులు పుట్టినవి. ఒకటి తెల్లపూలది, సాయంకాలము పరిమళించి రాత్రిపురుగులను పిలుచునది, రెండవది ఊదాపూలది. ఈ రెండింటిని 1830 ప్రాంతమునుండి ఐరోపావారు సంకరము చేయ మొదలిడిరి. తెలుపు, ఎఱుపు, గులాబి, ఊదా, చారలు గలవి, అంచు గలవి అన్నియు పిమ్మట వచ్చినవే. ముద్దపూల జాతులలో విత్తిన మొక్కలన్నియు ముద్దపూలే పూయునట్టి విత్తనమును 1930 దశకమున జపానువారు సిద్ధపఱచి చాలకాలము అధికమైన ధరలకు అమ్మిరి.

మొక్క అడుగు ఎత్తునకు మించదు. చల్లని దేశములలో దీనిని ఏకవార్షికముగా పెంచుదురు. ఇచ్చటను అట్లే తలంపవలెను. వేసవి వచ్చునప్పటికి తీగలు సాగి, అడుగుభాగము బోసిపోయి అందము చెడును.

విత్తనము

ఈ పంటలోని కష్టమంతయు విత్తనపు పరిమాణమునందే యున్నది. ఒక గ్రాము పెటూనియా విత్తనములో ఇంచుమించు 10,000 గింజలుండును. రాగి గింజలు గ్రామునకు సుమారు 400, టమాటా గింజలు సుమారు 300 మాత్రమే. రాగియే సన్ననిదనుకొను రైతు పెటూనియా విత్తనమును చూచి నశ్యపుపొడి యనుకొనిన ఆశ్చర్యము లేదు. 1,000 మొక్కలు కావలసినచో, మొలకలో నైదవవంతు పోవుననుకొన్నను, 1,250 గింజలు, అనగా గ్రాములో ఎనిమిదవవంతు చాలును. పొట్లము విప్పునప్పుడు గాలి వీచెనా ఆ పెట్టుబడి అంతయు ఎగిరిపోవును. తలుపులు మూసిన గదిలో, తెల్లకాగితముమీద, ఫ్యాను ఆపి విప్పవలెను.

విత్తనము రెండు విధములుగా దొరకును. ఒకటి ఉన్నదున్నట్లు పొడివలె నుండునది. రెండవది గింజకొక మన్నుపూత పూసి ఆవగింజంత గుళికగా చేసినది. రెండవదాని వెల హెచ్చు; అయినను క్రొత్తగా ఆరంభించు రైతు దానినే కొనుట మేలు. గుళికలను ఒక్కొక్కటిగా తీసి, గుంట కొక్కటి చొప్పున పెట్టవచ్చును. నారు తీసి వేఱొకచోట నాటు పని తగ్గును. పూత పూర్తిగా తడిసి కరగిననే మొలక బయటికి వచ్చును గాన గుళికలు పెట్టిన దినమున నీరు బాగుగా పట్టవలెను. సగము తడిసి మఱల ఆఱిన పూత గట్టిపడి మొలకను లోపలనే చంపివేయును.

సంకరవిత్తనమునుగూర్చి టమాటా రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. బెంగుళూరున 1965లో స్థాపింపబడిన ఇండో-అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ సంస్థవారు దక్షిణదేశమున ఇట్టి విత్తనముల తయారీకి దారితీసినవారిలో ముఖ్యులు. పెటూనియాలో సంకరవిత్తనపు మొక్కలన్నియు ఒకే యెత్తున, ఒకే వారములో, ఒకే రంగున పూయును. వర్తకుడు కోరునది దీనినే. ఆ మొక్కల కాయలనుండి తీసిన గింజను మఱుసటియేడు చల్లినచో కొన్ని పొట్టి, కొన్ని పొడుగు, రంగులు నానావిధములుగా వచ్చును. ఇంటిముంగిటికి అవి చాలును గాని బేరమునకు పనికిరావు.

విత్తు కాలము

ఈ ప్రాంతమున ఆగస్టు నడిమినుండి అక్టోబరు తుదివఱకు విత్తవచ్చును. సంక్రాంతికిని, జనవరి 26వ తేదీకిని పూసిన కుండీలు సిద్ధముగా నుండవలెనన్న సెప్టెంబరు రెండవ పక్షమున విత్తుట ఉత్తమము. విత్తిననాటినుండి పూతకు సామాన్యముగా పదునొకండు పండ్రెండు వారములు పట్టును. కాని పెటూనియా పగటికాలము పొడవుగా నున్నప్పుడు త్వరగా పూయు స్వభావము గలది. మార్గశిర పుష్యములలో పగళ్ళు కురుచ, రాత్రులు చల్లన. అందుచే పూత రెండు మూడు వారములు వెనుకబడును. దీనికి నష్టపడనక్కఱలేదు, ఆ కాలములో మొక్క అడుగునుండి కొమ్మలు వేసి గుబురగును. కాని తేదీ లెక్కవేయునప్పుడు ఆ వారములను మఱవరాదు. అక్టోబరు తుదిని విత్తి సంక్రాంతికి పూలు కోరుట వృథా.

సెప్టెంబరున విత్తుటలో ఒక చిక్కు కలదు. ఈశాన్యపు వానలు అక్టోబరు నవంబరులలో వచ్చును. నారు సరిగా లేతగానున్న దినములవి. పెటూనియా రేకులు, లేత ఆకులు వానదెబ్బకు నిలువవు. పెద్దపూల జాతులకంటె చిన్నపూల జాతులు వానకు కొంత ఓర్చును. ఏ జాతియైనను నారుమడిమీద వాన నేరుగ పడకుండ పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పు అవసరము. ఆ కప్పునకు ఖర్చుపెట్టలేని రైతు ఈ పంట జోలికి పోకుండుటయే మంచిది. నీడవల మాత్రమే యుండిన, వాన దానిగుండ కారి బొట్లు మఱింత పెద్దవై పడును.

నారు పోయుట

తట్టలను, అంతకుముందు వాడినవైనచో, సబ్బునీటితో కడిగి బ్లీచింగుపొడి నీటిలో ముంచి ఎండబెట్టవలెను. కొబ్బరిపొట్టును రెండు మూడు మాఱులు మంచినీటితో కడిగి పిండవలెను. కడుగని పొట్టులో ఉప్పుండును, అది ఇంత చిన్న గింజకు ప్రాణాంతకము. కడిగిన పొట్టు మూడు పాళ్ళు, వాగు ఇసుక ఒక పాలు కలిపి తట్టను నింపి, పైపొరను సన్నజల్లెడతో జల్లించి చదును చేయవలెను. ఈ దశలో పశువులపెంట గాని, వానపాముల ఎఱువు గాని కలుపరాదు. బలమైన ఎఱువు వేసిన నారు బాగుగ వచ్చునని తలంచి పెంట కలుపుట ఎక్కువగా జరుగు తప్పు. దానితో వచ్చునది నారుకుళ్ళు తెగులే.

నింపిన తట్టను నీళ్ళతొట్టిలో అంగుళము లోతున పెట్టి, తేమ అడుగునుండి పైకెక్కి పైపొర నల్లబడినంతవఱకు నుంచి తీయవలెను. అప్పుడు విత్తవలెను. పొడివిత్తనమైనచో పొగాకు నారుమడులలో చేయునట్లే, ఎండిన సన్నని ఇసుక ఇరువదిపాళ్ళతో కలిపి, మడచిన కాగితపు సందునుండి వ్రేలితో తట్టుచు చల్లవలెను. గుళికలైనచో చీపురుపుల్ల కొనను తడిపి దానికి అంటించి గుంటనడుమ పెట్టవలెను.

విత్తిన పిమ్మట పైని మన్ను కప్పరాదు. దీనిని గట్టిగ చెప్పవలసియున్నది. ఏలయన వేరుశనగ మొదలు రాగివఱకు ఏ గింజనైనను మన్నుతో కప్పుట రైతు చేతికి అలవాటు. పెటూనియా గింజకు మొలకెత్తుటకు వెలుతురు కావలెను. రవంత మన్ను పైనపడినను అనేక గింజలు మొలవక నిద్రించును. విత్తిన తట్టపై చదునైన పలకతో మెల్లగ అదిమి, పలుచని ప్లాస్టిక్ కాగితము పఱచి, నీడవల క్రింద నుంచవలెను. వెలుతురు కావలెనన్న మాటకు ఎండ అని అర్థము కాదు. ప్లాస్టిక్ కప్పిన తట్టపై మధ్యాహ్నపుటెండ పడెనేని లోపల గింజలు ఉడికిపోవును.

మొలకకు 21 మొదలు 24 డిగ్రీల వేడిమి అనుకూలము. ఈ ప్రాంతమున సెప్టెంబరు రాత్రులు దీనికి సరిగా సరిపోవును. ఐదవ దినమున కొన్ని మొలకలు కనబడును; పదవ దినమునకు రావలసినవన్నియు వచ్చును. సగము మొలకలు కనబడగనే ప్లాస్టిక్ కాగితము తీసివేయవలెను. ఒక దినము ఆలస్యమైన మొలకలు దారమువలె సాగి పడిపోవును.

చీమలను మఱవరాదు. అవి ఈ గింజలను మోసికొనిపోవుట కలదు. తట్టలుంచిన బల్ల కాళ్ళను నీటిగిన్నెలలో నుంచుట పాతపద్ధతియే గాని దీనిని మించినది లేదు. వానాకాలమున నత్తలు ఒక్కరాత్రిలో తట్టను తినివేయును. దీపముతో వెదకి ఏఱివేయవలెను.

మొదటి మూడు వారములు

విత్తనము వెల, తట్టల వెల, ఇంతవఱకు పడిన శ్రమ అన్నియు పోవునది ఈ మూడు వారములలోనే. మొలక సూదిమొనంత, దాని వేరు పైపొరలోనే యుండును. ఒక్క మధ్యాహ్నము పైపొర ఆఱినను చచ్చును. రేయింబవళ్ళు తడిగానున్నను చచ్చును. గుంట చిల్లుల డబ్బాతో పైనుండి నీరు పోసిన గింజలును మొలకలును ఒకమూలకు కొట్టుకొనిపోవును. నీరు ఎల్లప్పుడు తొట్టినుండి అడుగుగుండ పట్టవలెను. పైన తేమ చాలనిచో పొగమంచువంటి సన్నని తుంపర మాత్రమే వేయవలెను. గడచిన శతాబ్దపు తుది సంవత్సరములలో కుప్పమున ఇజ్రాయేలు పద్ధతి ప్రదర్శనక్షేత్రములు నెలకొల్పినప్పుడు ఈ సీమరైతులు బిందుసేద్యమును కన్నులార చూచిరి. కొంచెము నీరు, మాటిమాటికి, వేరు దగ్గఱనే యన్న ఆ సూత్రము పెటూనియా నారునకును వర్తించును.

సాయంకాలము నాలుగు గంటల తరువాత నీరు పట్టరాదు. రాత్రి తడిగా నిలిచిన నారులో కుళ్ళు పుట్టును. మొలక కాడ నేలదగ్గఱ నీరుకాఱినట్లై, సన్నబడి, ప్రక్కకు వ్రాలును; తెల్లవారునప్పటికి అరచేయి వెడల్పు ఖాళీ ఏర్పడును. టమాటా నారులో దీనిని చూడని రైతుండడు. కాని టమాటా మొలక బలమైనది, కొన్ని దక్కును. పెటూనియాలో మూడు రాత్రులలో తట్ట ఖాళీయగును. ఖాళీ కనబడగనే ఆ భాగమును చుట్టునున్న మంచి మొలకలతోకూడ గరిటెతో ఎత్తి పాఱవేసి, మిగిలినదానికి కాపర్ ఆక్సీక్లోరైడు లీటరునకు 3 గ్రాములు కలిపిన నీరు పట్టి, గాలి ఆడునట్లు చేయవలెను. మంచి మొలకలను ఎత్తివేయుటకు రైతునకు మనసొప్పదు. అవియు లోపల చెడినవే.

రెండవ వారపు తుదికి మొలక ఆకుల నడుమ నిజమైన ఆకులు తలయెత్తును. అప్పటినుండి 19:19:19 ఎఱువును లీటరునకు 1 గ్రాము వంతున, వారమున కొకమాఱు, అడుగునుండి పట్టవలెను. నాలుగవ వారమున నాలుగైదు ఆకులు వచ్చినప్పుడు, పొడివిత్తనమునుండి పెంచిన నారును గుంటలతట్టలోనికి మార్చవలెను. తీయునప్పుడు కాడను పట్టుకొనరాదు, ఆకును పట్టుకొనవలెను. ఆకు చినిగిన మఱియొకటి వచ్చును, కాడ నలిగిన మొక్కయే పోవును.

కుండీలలో నాటుట

విత్తిన ఆఱు వారములకు నారు కుండీకి సిద్ధమగును. ఐదంగుళముల కుండీ చాలును. ఎఱ్ఱమన్ను రెండుపాళ్ళు, బాగుగ చివికిన పశువుల ఎఱువు ఒకపాలు, కొబ్బరిపొట్టు ఒకపాలు కలిపిన మిశ్రమము ఈ సీమకు తగినది. చెఱువుమట్టి ఒండ్రు బలమైనదే గాని నీరు నిలుపును. పెటూనియాకు వేరు తడిలో నానుట సరిపడదు. నాటిన వారమునకు ఆఱు ఆకులుంచి కొనను గిల్లివేయవలెను. గిల్లుటచే పూత పదిదినములు వెనుకబడును, కాని ఒక్క కాడగా పోవలసిన మొక్క ఐదాఱు కొమ్మలు వేయును. ఇది మొదలు నీడవల తీసివేసి రోజునకు ఆఱు గంటలకు తక్కువ కాని ఎండ తగులనీయవలెను. నీడలో పెరిగిన పెటూనియా ఆకులే గాని పూలు చూపదు. కుండీలను పది అంగుళముల ఎడముగ నుంచి, 19:19:19ను లీటరునకు 2 గ్రాములకు పెంచి వారమున కొకమాఱు పోయవలెను. వాడిన పూలను కాయకట్టకముందే తొడిమతో గిల్లివేసిన పూత ఆగదు.

ఈ ప్రాంతములలో లోతైన బోరుబావుల నీరు పలుచోట్ల చవుడుగుణము గలది. కుండీలో అదే నీరు నెలలతరబడి పోయగా మట్టి చవుడుబారి, ఇనుము వేరునకు అందకుండ పోవును. లేతాకులు పసుపువర్ణమై ఈనెలు మాత్రము పచ్చగ నిలుచును. వేరుశనగ చేలలో ఇదే లక్షణమును రైతులు చూచియుందురు, దాని మందే దీనికిని: లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంకాలము చల్లవలెను. పెటూనియా ఆకు సుకుమారము గాన మొదట సగము మోతాదుతో నాలుగు కుండీలపై చల్లి, మచ్చలు పడలేదని రెండు దినములు చూచిన పిమ్మట తక్కినవానికి చల్లుట మంచిది. పూలపై పడిన మచ్చ నిలుచును. పూతకు ముందే ఈ పని ముగింపవలెను. మిద్దెమీది వాననీటిని తొట్టిలో పట్టి నారునకు మాత్రము వాడుకొన్నచో ఈ బాధ చాలవఱకు తప్పును.

టమాటా తోట గల రైతు ఎఱుగవలసిన సంగతులు

పెటూనియాయు టమాటాయు దాయాదులని పైన చెప్పబడినది. దాయాదుల రోగములును ఒకటే. పేనుబంక, తెల్లదోమ, తామరపురుగు, పొగాకు లద్దెపురుగు దీనినుండి దానికి, దానినుండి దీనికి పోవును. కావున పెటూనియా నారును టమాటా నారుతో ఒకే కప్పుక్రింద పెంచరాదు. ముదిరి తెగులుపట్టిన టమాటా తోట ప్రక్కన కుండీలుంచరాదు. వంగకుటుంబపు మొక్క ఏదియు లేని చోటు, రాగి గాని చెఱకు గాని వేసిన చేని ప్రక్క, శ్రేష్ఠము.

పొగాకు మచ్చతెగులు, అనగా ఆకులపై పచ్చ పసుపు వర్ణములు కలసి తేపలు తేపలుగ కనబడునది, పెటూనియాకు వచ్చిన మందు లేదు. దీనిని తెచ్చునది పురుగు కాదు, మనుష్యుని చేయి. ఎండిన పొగాకులోకూడ ఈ తెగులు వైరసు సంవత్సరములతరబడి బ్రతికియుండును. బీడీ త్రాగిన చేతితో, పొగాకు నమలి తుడుచుకొన్న చేతితో, నశ్యము పట్టిన వ్రేళ్ళతో నారు ముట్టిన అది ఒక్కొక్క మొక్కకు అంటుచు పోవును. నారుమడి పనివారు చేతులు సబ్బుతో తోమి కడుగుకొనవలెను. కొనలు గిల్లు దినమున వెన్నతీసిన పాలలో వ్రేళ్ళు నడుమనడుమ ముంచుకొనుట విదేశపు తోటలవారి ఆచారము; పాలలోని మాంసకృత్తు ఈ వైరసును పట్టి నిర్వీర్యము చేయును. పాలతో చేతులు కడుగుట చూచి ఇరుగుపొరుగువారు నవ్వవచ్చును. మచ్చపడిన మొక్కను మాత్రము దయదలపక పెఱికి కాల్చవలెను.

పెటూనియావలన టమాటా రైతునకు కలుగు ఒక ఉపకారము పూలకంటె విలువైనది. వేరుశనగలో మొవ్వుకుళ్ళు తెగులు కలిగించు వైరసు టమాటాకును సోకి, లేతాకులు కంచువర్ణమై మాడుటను, కాయలపై వలయములు పడుటను కలిగించును. దీనిని మోయునది తామరపురుగు. అది పిల్లగానున్నప్పుడు తెగులు మొక్కను తిని వైరసును గ్రహించి, రెక్కలు వచ్చిన తరువాత తోటలెల్ల తిరిగి పంచును. టమాటాలో తెగులు కంటికి కనబడునప్పటికి పురుగు పని ముగించి చాలదినములగును. ఈ జాతి వైరసులకు పెటూనియా ఆకు ఒక విచిత్రమైన సాక్షి. వైరసు మోయు పురుగు ఆకును గీరిన చోట మూడు మొదలు ఏడు దినములలో గోధుమవన్నె లేక నల్లని అంచుగల చిన్న మచ్చ ఏర్పడును. మచ్చ అచ్చటనే ఆగిపోవును. మొక్క చావదు, వైరసు దానిలో వ్యాపింపదు. అందుచే అది తెగులును తెలుపునే గాని పంచదు.

దీనిని ఉపయోగించు విధము సులభము. టమాటా నారు పోసినప్పుడే కప్పు లోపల నలుమూలలను, నడుమను పెటూనియా కుండీలు పెట్టి, ప్రతి కుండీలో జిగురులేని నీలిరంగు అట్ట నొకటి గ్రుచ్చవలెను. నీలిరంగునకు తామరపురుగు ఆకర్షింపబడును. ఈ కుండీలలోని పూలను మొగ్గలోనే గిల్లివేయవలెను. పూలుండిన పురుగు పుప్పొడి తినుచు ఆకు ముట్టదు. వారమునకు రెండు మాఱులు ఆకులు చూచి, మచ్చపడిన ఆకు తీసివేయుచుండవలెను. క్రొత్తగా మచ్చలు వచ్చుచున్నచో తామరపురుగునకు మందు ఆ దినమే చల్లవలెను. పురుగు నోరు గీరిన తెల్లని గీతలను వైరసు మచ్చ యనుకొని భయపడరాదు. వైరసు మచ్చ చుట్టు అంచుతో గుండ్రముగ నుండును. ఈ ఉపాయము తెల్లదోమ తెచ్చు ఆకుముడతకు పనిచేయదు.

పట్టుపురుగులు పెంచు రైతు మందు చల్లునప్పుడు ఇంకొక జాగ్రత్త వహింపవలెను. కుప్పము, మదనపల్లె ప్రాంతములలో మల్బరీ తోటలు విస్తారము. పూలమొక్కలపై చల్లిన మందు గాలికి మల్బరీ ఆకుపై పడిన పెంపకమంతయు ఒక్కదినములో నశించును. పొగాకు కషాయము ‘ఇంటిమందే కదా’ యని చల్లువారు కలరు. పట్టుపురుగునకు అది మిక్కిలి ప్రమాదకరము. మల్బరీ ఉన్నచోట పెటూనియా కుండీలను గాలివాలునకు క్రిందిప్రక్క పెట్టవలెను. పట్టుపురుగుల పెంపకము జరుగు దినములలో మందు చల్లరాదు.

విత్తనము దాచుట

సంకరజాతులనుండి కాక, సామాన్యజాతులనుండి విత్తనము తీయదలచినవారు, ఒక రంగునకు చేరిన పది మంచి మొక్కలను తక్కిన రంగులకు దూరముగ నుంచవలెను. రాత్రిపురుగులును తుమ్మెదలును పుప్పొడిని ఒకదానినుండి మఱియొకదానికి మోయును. ముద్దపూల మొక్క కాయ కట్టదు. దాని పూవులో స్త్రీభాగము చెడి రేకులుగ మాఱియుండును. పుప్పొడి మాత్రము పనికివచ్చును. కావున ముద్దపూల పుప్పొడిని రేకపూల మొక్కకు అద్ది విత్తనము తీయుదురు.

పూవు రాలిన నాలుగైదు వారములకు కాయ గోధుమవన్నెకు తిరుగును. కొన పగులకముందే కోయవలెను. పగిలిన కాయనుండి గింజలు ఒక్క గాలికి రాలిపోవును. కాయలను కాగితపు సంచిలో వారము దినములు నీడను ఆఱబెట్టి, తెల్లకాగితముపై నలిపి, పొట్టును మెల్లగ ఊదివేసి, గింజలను మందుసీసాలో పోసి మూత బిగించి, చీటిపై రంగును సంవత్సరమును వ్రాసి అంటింపవలెను. సీసాలో తేమ చేరకుండ వేయించి చల్లార్చిన బియ్యము ఒక చిన్న మూటగ కట్టి అడుగున వేయవచ్చును. వంటింటి అటకపై వేడి హెచ్చు గాన అచ్చట నుంచరాదు. ఇంట శీతలయంత్రమున్నచో క్రింది అరలో ఉంచిన గింజ మఱుసటి సెప్టెంబరునకు బాగుగ మొలచును. విత్తుటకు పదిదినముల ముందు ఏబది గింజలను తడిగుడ్డపై వెలుతురులో నుంచి, ఎన్ని మొలచినవో లెక్కించి, ఆ లెక్కనుబట్టి చల్లవలసిన గింజను హెచ్చింపవలెను.